సంతలో మత్స్యకన్య: తక్కువ ఖర్చు ప్రదర్శనను ఎలా విమర్శించాలి?

9.1 పరిచయం

ఇంతకు ముందు పాఠాల్లో యక్షగానాన్ని, వీధి భాగవతాన్ని, పద్యనాటకాన్ని పరిశీలించేటప్పుడు కథ, పాత్ర, సంభాషణ, సంగీతం అనే అంశాలను మీరు ఆధారంగా తీసుకున్నారు. ఈ పాఠంలో మనం తీసుకున్న ప్రదర్శనలో వీటిలో ఏదీ పూర్తిగా ఉండదు. ఒక మనిషి నడుము నుంచి కిందికి చేప తోక తొడుక్కుని సంతలో ఒక మూల కూర్చుంటుంది. పిల్లలు వస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఫొటో దిగుతారు, వెళ్ళిపోతారు. మొదలు లేదు, ముగింపు లేదు, తెర లేదు. ఇందులో విమర్శించడానికి ఏముంటుంది అని మీకు అనిపించవచ్చు. కానీ విమర్శకుడి చేతిలోని కొలమానాలు ఎంతవరకు పనికివస్తాయో తెలిసేది ఇలాంటి చోటే.

అమెరికాలో ఇది ఇప్పుడు గుర్తింపు పొందిన ఉపవృత్తి. 1963లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైన రినైజాన్స్ ఫెయిర్ల పద్ధతి దేశమంతా పాకింది. పదహారో శతాబ్దపు ఇంగ్లండు పల్లెను తలపించేలా కొన్ని వారాల పాటు నడిచే ఈ సంతల్లో రాజులు, కమ్మరులు, గారడీవాళ్ళతో పాటు మత్స్యకన్యలు కూడా కనిపిస్తారు. న్యూయార్కులోని కోనీ ఐలండ్‌లో 1983 నుంచి ఏటా జూన్ నెలలో మత్స్యకన్యల ఊరేగింపు జరుగుతోంది. అందులో పాల్గొనేవారిలో చాలామంది వేషాలు ఇంట్లో కుట్టుకున్నవే. మత్స్యపురుషుల వేషం వేసేవారూ ఉన్నారు. అయితే ఈ పాఠంలో సౌలభ్యం కోసం ‘ఆమె’ అనే వ్యవహరిస్తాం.

తెలుగు పాఠకులకు మత్స్యకన్య అనగానే 1996లో వచ్చిన ‘సాహస వీరుడు సాగర కన్య’ సినిమా గుర్తుకు రావడం సహజం. సినిమాకూ సంతకూ ఉన్న తేడాను ఇక్కడే గమనించండి. తోక అతుకు ఎక్కడ కనిపించకూడదో కెమెరా నిర్ణయిస్తుంది. సంతలో కోణాన్ని ఎంచుకునేది ప్రేక్షకుడు. ఆరేళ్ళ పిల్లవాడు వెనక్కి వెళ్ళి జిప్పు ఎక్కడుందో వెతుకుతాడు. వాణ్ణి ఆపే ఎడిటింగ్ ఏదీ లేదు.

9.2 మూడు పాత నమూనాలు

1842లో న్యూయార్కులో పి.టి. బార్నమ్ అనే వినోద వ్యాపారి ‘ఫీజీ మత్స్యకన్య’ను ప్రదర్శనకు పెట్టాడు. పత్రికల్లో వేయించిన బొమ్మల్లో అందమైన స్త్రీ ఉంది. లోపలికి వెళ్ళినవారికి కనిపించింది కోతి పై భాగాన్ని చేప తోకకు అతికించిన ఎండిన వస్తువు. ఇక్కడ ప్రదర్శకురాలే లేదు. ప్రదర్శన అంతా బయటి బొమ్మకూ లోపలి వస్తువుకూ మధ్య జరిగిన మోసంలోనే ఉంది. జనం మోసపోయామని తెలిసి కూడా వచ్చారంటే, మోసం ఎలా జరిగిందో చూడటం కూడా ఒక వినోదమే అన్నమాట. అయినా ఆ వినోదం ఒక్కసారికే.

రెండో నమూనా ఆస్ట్రేలియా ఈతగత్తె అన్నెట్ కెల్లర్‌మన్ (1886-1975). చిన్నతనంలో కాళ్ళు బలహీనంగా ఉండి ఊతకట్లు వేసుకోవలసి వచ్చిన ఈమె, కాళ్ళ బలం కోసమే ఈత నేర్చుకుంది. 1907లో న్యూయార్కు హిప్పోడ్రోమ్‌లో గాజు తొట్టెలో నీటినృత్యం చేసింది. తర్వాత సినిమాల్లో మత్స్యకన్యగా నటించింది. ఆమెతో మత్స్యకన్య చూపించే వస్తువు కాకుండా చేసే పని అయింది. ఈ మార్పు చిన్నది కాదు.

మూడోది ఫ్లోరిడాలోని వీకీ వాచీ ఊటచెరువు. అమెరికా నౌకాదళంలో గజఈతగాళ్ళకు శిక్షణ ఇచ్చిన న్యూటన్ పెర్రీ 1947 అక్టోబరు 13న అక్కడ నీటి అడుగు రంగస్థలాన్ని తెరిచాడు. మొదట్లో 18 మంది కూర్చునే చోటు మాత్రమే ఉండేది. ప్రేక్షకులు నీటి మట్టానికి దిగువన గాజు వెనక కూర్చుంటే, అమ్మాయిలు నీళ్ళలో నృత్యం చేస్తూ, తింటూ, తాగుతూ కనిపించేవారు. ఊపిరి కోసం గాలి గొట్టాన్ని నోటి దగ్గర పెట్టుకుని, పీల్చి, వదిలేసేవారు. ఆ గొట్టం ప్రేక్షకులకు బాహాటంగా కనిపిస్తుంది. దాన్ని దాచే ప్రయత్నం ఎవరూ చేయలేదు. అయినా ప్రదర్శన చెడలేదు. 2008లో ఆ స్థలం రాష్ట్ర పార్కుగా మారింది, ప్రదర్శన ఇప్పటికీ నడుస్తోంది. భ్రమ నిలబడాలంటే సాధనాన్ని దాచి తీరాలనే అభిప్రాయం మీకు ఉంటే, ఈ గాలి గొట్టాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి.

9.3 తోక ఖరీదు

సంత మత్స్యకన్య దగ్గర ఊటచెరువు లేదు, గాజు లేదు. ఉన్నది తోక. వృత్తి ప్రదర్శకులు వాడే సిలికోన్ తోక వేల డాలర్లు పలుకుతుంది. బరువు పదిహేను, ఇరవై కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పొలుసు పొలుసునూ అచ్చు పోసి రంగు వేస్తారు. సాగే గుడ్డ మీద పొలుసుల బొమ్మ ముద్రించిన తోక అయితే వంద, రెండు వందల డాలర్లలో దొరుకుతుంది. రెండు పాదాలనూ కలిపి పట్టే మోనోఫిన్ అనే రెక్కను దాని చివర దూరుస్తారు. ఇంట్లోనే కుట్టుకునేవారికి ఇంకా తక్కువలో అయిపోతుంది.

తక్కువ ఖర్చు తోకను చూసి విమర్శకులు మొదట చెప్పే మాట ‘సహజంగా లేదు’ అని. ఈ మాటను కాస్త పక్కన పెట్టండి. సహజమైన మత్స్యకన్యను చూసినవారు ఎవరూ లేరు కదా! వారు నిజంగా చెప్పదలచుకున్నది ‘సినిమాలోలాగా లేదు’ అని. అది వేరే విమర్శ.

నిజానికి గుడ్డ తోకకు ఉన్న చిక్కు మోకాళ్ళ దగ్గర. కాళ్ళు చాపి కూర్చుంటే మోకాళ్ళు రెండు గుబ్బలుగా పైకి లేస్తాయి. అక్కడ గుడ్డ సాగి పొలుసుల బొమ్మ వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. చూసేవాడికి కాళ్ళు గుర్తుకు వచ్చేది ఆ క్షణంలోనే. అనుభవమున్న ప్రదర్శకురాలు కాళ్ళను ఒక పక్కకు మడిచి, బరువు ఒక తుంటి మీద వేసి, మోకాళ్ళను ప్రేక్షకుడికి ఎదురుగా కాకుండా పక్కకు తిప్పి కూర్చుంటుంది. పాత వల ముక్కనో, పలుచని మెరుపు గుడ్డనో తొడల మీదుగా వేస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. తేడా మాత్రం చాలా ఉంది. తోకను విమర్శించే ముందు ఆ తోకతో ఎలా కూర్చుందో చూడండి.

ఖరీదైన తోక సంతలో తరచుగా ఓడిపోతుందని కూడా చెప్పాలి. అది నీటి కోసం చేసింది. ఎండలో నేల మీద అది మోయలేని మూట. వేసుకోవడానికే మరొకరి సాయం కావాలి, లోపల ఉక్క. అన్నిటికన్నా పెద్ద నష్టం, వచ్చినవారందరూ తోక గురించే మాట్లాడతారు: ఎంతైంది, ఎక్కడ కొన్నారు, ముట్టుకోవచ్చా. ఆమె ముఖం ఎవరూ చూడరు. గుడ్డ తోకను అందరూ ఒక చూపులో చూసేస్తారు, తర్వాత ఆమె ఏం మాట్లాడుతుందో వింటారు.

అంటే చవకగా ఉండటమే గొప్ప అని కాదు. ఊదిన ప్లాస్టిక్ తొట్టె అంచున కంపెనీ పేరు, తోక పక్కనే విప్పిన చెప్పుల జత, చేతిలో మోగుతున్న ఫోను – ఇవి పేదరికం వల్ల వచ్చినవి కావు, అశ్రద్ధ వల్ల వచ్చినవి. రెండింటినీ వేరు చేయడం మీ మొదటి బాధ్యత. మంచినీళ్ళ సీసా మాత్రం ఉండి తీరాలి. దాన్ని గవ్వల బుట్టలో పెట్టుకున్నదా లేదా అన్నదే ప్రశ్న.

9.4 కీలుగుర్రం, అర్ధనారీశ్వర వేషం

ఈ ప్రదర్శనను అర్థం చేసుకోవడానికి మన జాతరల్లోనే రెండు రూపాలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చూస్తే మత్స్యకన్య వేషంలోని కష్టం ఎక్కడుందో తెలుస్తుంది.

కీలుగుర్రం ఆటను మీరు ఊరేగింపుల్లో చూసే ఉంటారు. గుర్రపు బొమ్మను ఆటగాడు నడుముకు తగిలించుకుంటాడు. చుట్టూ వేలాడే గుడ్డ అతని కాళ్ళను కప్పేస్తుంది. పైన రౌతు, కింద గుర్రం, ఒకే మనిషి. ఇక్కడ గుర్రాన్ని ఆడించేది కనబడని కాళ్ళే. డప్పు వేగం పెరిగితే గుర్రం గంతులేస్తుంది. కాబట్టి కీలుగుర్రంలో దాచిన అవయవమే ప్రదర్శనకు ప్రాణం.

మత్స్యకన్యలో ఇది తిరగబడుతుంది. దాచిన కాళ్ళు కట్టేసిన కాళ్ళు. నీటిలో అయితే ఆ రెండు కాళ్ళూ ఒక్కటై, నడుము నుంచి అలలాగా కదిలి ఆమెను ముందుకు తోస్తాయి. నేల మీద ఆ అవకాశం లేదు. నడవలేదు, లేవలేదు, దరువుకు అడుగు వేయలేదు. మిగిలినవి నడుము పై భాగం, చేతులు, కళ్ళు, మాట. మన ఆంగికాభినయ పరిభాషలో చెప్పాలంటే సగం శరీరాన్ని ఆమె ముందే వదులుకుని రంగం మీదికి వస్తోంది. ఆ లోటును పూడ్చడానికి చాలామంది తోకను అదేపనిగా ఊపుతుంటారు. ఇది పొరపాటని నా అభిప్రాయం. నేల మీద అదేపనిగా ఊగే తోకలో లోపలి పాదాలే కనిపిస్తాయి. తోక చాలాసేపు ఊరకే పడి ఉండి, ఎవరూ ఊహించని సమయంలో చివర ఒక్కసారి కదిలితే ఆ కదలిక గుర్తుండిపోతుంది.

రెండో రూపం పగటివేషాల్లోని అర్ధనారీశ్వర వేషం. ఒకే మనిషి దేహంలో ఒక పక్క శివుడు, మరో పక్క పార్వతి. ఒక తెర గుడ్డతో ఒక సగాన్ని కప్పి రెండో సగాన్ని చూపుతూ, నడకనూ చూపునూ క్షణంలో మార్చడంలో ఆ వేషగాడి నేర్పు ఉంది. ఊరి జనానికి ఆ మనిషి ఎవరో తెలుసు. అతుకు ముఖం మధ్యలోనే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. అతుకును దాటి ఇటు నుంచి అటు మారడమే కళ.

మత్స్యకన్యకు అతుకు నడుము దగ్గర. చాలామంది గవ్వల మొలతాడుతోనో, నాచులాంటి పచ్చని గుడ్డ పీలికలతోనో దాన్ని కప్పుతారు. కప్పడం మంచిదే. కానీ అర్ధనారీశ్వర వేషం చూసిన కంటికి ఇంకొక ప్రశ్న తోచాలి: ఆమె ఆ తోకను తన దేహంగా చూసుకుంటోందా, తొడుక్కున్న బట్టగా చూస్తోందా? గవ్వతో నీళ్ళు ముంచి తోక మీద పోసుకునే ప్రదర్శకురాలిని గమనించండి. చేపకు తడి కావాలి. ఎండ ఎక్కినకొద్దీ ఆమె ఆ పని మరింత తరచుగా చేస్తుంది. తడిసిన గుడ్డ మెరుస్తుంది, ఒంటికీ చల్లన. పిల్లలు ఏమీ చెప్పకుండానే గవ్వ అందుకుని తామూ నీళ్ళు పోయడం మొదలుపెడతారు. ఒక్క గవ్వ, ఒక చిన్న బకెట్టు. ఈ ప్రదర్శనారూపంలో ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా మంచి అభినయాంశం మరొకటి లేదు. ప్రేక్షకుడు పాత్రకు సేవ చేసేవాడుగా మారిపోతున్నాడు, అదీ ఎవరూ పిలవకుండా.

9.5 “నువ్వు నిజమేనా?”

ప్రతి మత్స్యకన్యనూ ప్రతి సంతలోనూ పిల్లలు అడిగే ప్రశ్న ఇది. నాటకంలో ఇలాంటి ప్రశ్న వేసే హక్కు ప్రేక్షకుడికి లేదు. సంతలో ఉంది. దానికి ఆమె ఇచ్చే జవాబులోనే ఆమె ప్రదర్శన విలువ ఎక్కువగా తేలుతుంది.

‘అవును, నిజమే’ అని పట్టుబట్టడం బార్నమ్ దారి. జిప్పు చూసేసిన పిల్లవాడి ముందు ఈ జవాబు నిలవదు. పైగా వాడి కళ్ళను వాడే నమ్మకూడదని చెప్పినట్లు అవుతుంది. ‘కాదు, వేషం వేసుకున్నాను’ అనడం నిజాయితీయే కానీ అక్కడితో ఆట అయిపోతుంది. ‘నీకేమనిపిస్తోంది?’ అని ఎదురు ప్రశ్న వేయడం చాలామందికి అలవాటైంది. వినడానికి తెలివిగా ఉంటుంది. మూడోసారి విన్నాక అది తప్పించుకోవడమని తెలిసిపోతుంది. పిల్లవాడు అడిగాడు, బంతి తిరిగి వాడి చేతిలోనే పడింది, వాడికి కొత్తగా దక్కింది ఏమీ లేదు.

మంచి ప్రదర్శకురాలు నిజమా కాదా అన్న చోటి నుంచి మాటను పక్కకు తీసుకుపోతుంది. “నీకు నడవడం ఎవరు నేర్పారు? పడిపోకుండా రెండు కాళ్ళ మీద ఎలా నిలబడతావు? నాకు చూస్తేనే భయమేస్తుంది” అంటే, పిల్లవాడు తన నడక గురించి చెప్పడం మొదలుపెడతాడు. నీళ్ళలోని జీవి కళ్ళతో తన కాళ్ళను తాను మొదటిసారి చూసుకుంటాడు. అబద్ధం చెప్పలేదు, ఆట చెడలేదు. మన పగటివేషగాళ్ళు ఊళ్ళో కొన్ని రోజులుండి రోజుకో వేషంతో తిరిగి, చివరి రోజున బహుమానం కోసం వచ్చేవారు. వేషమని ఊరందరికీ తెలుసు, తెలిసే ఆడేవారు. సంత మత్స్యకన్యకూ పిల్లలకూ మధ్య ఉండవలసింది ఇలాంటి ఒప్పందమే.

9.6 కూర్చున్న మనిషి లేవలేదు

ఇప్పుడు విమర్శకులు సాధారణంగా వదిలేసే విషయానికి వద్దాం. తోక తొడిగిన మనిషి తనంతట తాను లేచి వెళ్ళలేదు. ఎవరైనా తోకను పట్టి లాగినా, ఫొటో కోసమని నడుము మీద చెయ్యి వేసినా, తాగి వచ్చి పక్కన కూలబడినా ఆమె వెనక్కి జరగలేదు. వీకీ వాచీలో మధ్యన గాజు ఉంది. సంతలో లేదు. అందుకే అనుభవజ్ఞులు ఒక తోడు మనిషిని పెట్టుకుంటారు. నావికుడి వేషంలోనో, జాలరి వేషంలోనో ఆ మనిషి పక్కన నిలబడి వరుసను చూసుకుంటాడు, నీళ్ళు అందిస్తాడు, అవసరమైతే ఎత్తుకుని తీసుకుపోతాడు. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే నిర్వాహకులకు మొదట అనవసరంగా తోచేది ఈ తోడు మనిషే. తోకకు డబ్బు పెట్టి తోడుకు పెట్టని ప్రదర్శన కళ రీత్యా కూడా లోపభూయిష్టమే. బెదిరిన కళ్ళతో ఎవరూ సముద్రపు కథ చెప్పలేరు.

నీటి తొట్టెలో చేసే ప్రదర్శనల విషయంలో మీ మాటకు మరింత బాధ్యత ఉంది. ‘ఎంతసేపు ఊపిరి బిగబట్టిందో!’ అని రాయడం తేలిక. కానీ నీటిలో దిగే ముందు వేగంగా, లోతుగా శ్వాసలు తీసుకుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి పీల్చాలనే తహతహను పుట్టించేది ప్రధానంగా ఆ వాయువే. అది తగ్గితే తహతహ ఆలస్యమవుతుంది, ఈలోపల ఆమ్లజని అయిపోయి ఈతగాళ్ళు ముందస్తు సూచన లేకుండా స్పృహ తప్పుతారు. లోతు లేని తొట్టెలోనూ ఇది జరుగుతుంది. కాళ్ళు కలిపి కట్టి ఉన్నప్పుడు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఊపిరి నిడివిని కొలమానంగా తీసుకునే విమర్శ ఆమెను మరో పది సెకన్లు నీటి అడుగున ఉండమని పురికొల్పుతుంది. ఆ లెక్క రాయకండి. గట్టు మీద ఆమెనే చూస్తూ ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నది రాయండి.

కూలి మాట కూడా విమర్శలో భాగమే. వీకీ వాచీ తొలి రోజుల్లో అమ్మాయిలు జీతం లేకుండా భోజనం, ఈతదుస్తుల కోసం పనిచేశారు. రోడ్డు మీద కారు వస్తున్న చప్పుడు వినపడితే ఈతదుస్తుల్లోనే పరుగెత్తుకెళ్ళి ప్రయాణికులను లోపలికి పిలిచేవారని చెబుతారు. ఆ ముచ్చటను ఇప్పుడు అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. నవ్వుకోవడంలో తప్పు లేదు గానీ, ‘మీకు పేరు వస్తుంది కదా’ అని చిన్న ప్రదర్శకులను ఉచితంగా పిలిచే అలవాటు ఆ రోజులతో పోలేదు.

ఈ మధ్య మన నగరాల ఎగ్జిబిషన్లలో కూడా సొరంగపు అక్వేరియంలతో పాటు మత్స్యకన్యల ప్రదర్శనలు వస్తున్నాయి. రంగు దీపాలు, పెద్ద శబ్దంతో పాట, గాజు అవతల చెయ్యి ఊపి ముద్దులు విసిరే అమ్మాయి, గాజు ఇవతల ఫోన్లు పైకెత్తిన జనం. డబ్బు బాగానే ఖర్చవుతోంది. కానీ గాజు రెండు వైపులా ఒకరి మాట ఒకరికి వినపడదు కనుక “నువ్వు నిజమేనా?” అనే ప్రశ్నకు అక్కడ చోటు లేదు. పైన చెప్పిన గవ్వ, బకెట్టు ఈ ప్రదర్శనలో లేనివి. అదే సమయంలో, గాజు ఆమెను కాపాడుతోందన్నది కూడా మరచిపోకండి. ఏది పోయింది, ఏది దక్కింది అన్న రెండూ కలిపి చూస్తే గానీ తీర్పు చెప్పలేం.

9.7 అభ్యాసం

మీ దగ్గరలో జరిగే జాతరకో, తిరునాళ్ళకో, ఎగ్జిబిషన్‌కో వెళ్ళి ఒక వేషాన్ని కనీసం అరగంట సేపు ఒకే చోట నిలబడి చూడండి. మత్స్యకన్య లేకపోతే కీలుగుర్రాన్నో, పులివేషాన్నో తీసుకోండి. వేషంలో ఏ అవయవం దాగి ఉంది, దాని పనిని ఏది చేస్తోంది, ప్రేక్షకులు ఎంత దగ్గరికి వస్తున్నారు, వారు మితిమీరితే ఆపేది ఎవరు అన్న విషయాలపై దృష్టి పెట్టి మూడు పుటల విమర్శ రాయండి. వేషం విప్పాక ప్రదర్శకులతో మాట్లాడే అవకాశం ఉంటే మాట్లాడండి. వారి అనుమతి లేకుండా పేరు గానీ ఫొటో గానీ మీ వ్యాసంలో చేర్చకండి. ముందుగా టికెట్టు కొనండి, లేదా పళ్ళెంలో ఏదైనా వేయండి.